మొదటి పేజీకి తిరిగే ప్లీడరు

ఈ వారం కాలేజీ మళ్ళీ మూసేశారు. చదవడానికేమీ లేక బీరువా వెతికితే అదే పుస్తకం చేతికొచ్చింది. బర్మా దేశంలోకి సర్కారు కొత్త పుస్తకం రానివ్వని ఏళ్ళలో మా ఇంట్లో బైబిలు కాక ఉన్నది అదొక్కటే: వందేళ్ళ కిందటి ఓ అమెరికా ప్లీడరు జీవితం. గుర్రమెక్కి ఊరూరా కోర్టుల వెంట తిరిగి, ఎన్నికల్లో పదేపదే ఓడి, చివరికి చట్టసభకు చేరినవాడు. బోటాటౌంగ్ రేవులో గుమాస్తాగా చేసిన మా తాత, సాయంత్రం ప్రార్థన అవగానే దాన్ని ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేవాడు. ఎవరైనా మధ్యలో వస్తే, "పాపం, నీకు మొదలు తెలీదు గదా" అని మొదటి పేజీకి తిప్పేవాడు. రేవులో మూటలు దించే మా చిన్నాన్న రోజూ ఆలస్యంగానే వచ్చేవాడు. అందువల్ల ఆ ప్లీడరు ఏళ్ళ తరబడి పుడుతూనే ఉన్నాడు. "ఈ పూటైనా నెగ్గించండి, కూర చల్లారిపోతంది" అనేది మామ్మ. పెద్దవాళ్ళ ముందు నోరు విప్పలేని నేను డైరీలో తిట్టుకునేదాన్ని.

జనం సర్కారు మీద తిరగబడ్డ నెలల్లో పోలీసులు మాయమయ్యారు. వీధి మొగలో వెదురు కంచె కట్టి మా వీధివాళ్ళే కాపలా కాసేవారు. ఒక సాయంత్రం ఏటి అవతలి దలా నుంచి వచ్చిన చేపలవాడొకడు, బాటసారుల కోసం పెట్టిన మంచినీళ్ళ కుండ మూత తీశాడు. నీళ్ళలో విషం కలుపుతున్నారని ఊరంతా పుకార్లున్న రోజులవి; వీడూ కలపబోయాడని పట్టుకున్నారు. కత్తులు బయటికొచ్చాయి. "నాయినా, నీకేటి పని? లోనకి రా" అని చిన్నాన్న తాత చెయ్యి పట్టుకు లాగాడు. "అతగాడికి ప్లీడరు లేడు గదరా" అంటూ తాత వెళ్ళి ఆ మనిషి పక్కన నిలబడ్డాడు. బర్మా భాషలో వాదన మొదలుపెట్టాడు. ఎక్కణ్ణుంచి? అమెరికావాడి పుట్టుక నుంచి. కిటికీలో నాకు ఒళ్ళు మండింది. "తొందరగా తేల్చు, ముసలాయనా" అన్నాడు కత్తి పట్టినవాడు. ఇంతలో పక్కవీధివాళ్ళు వచ్చారు. వాళ్ళకి మొదలు తెలీదు గదా అని తాత మళ్ళీ మొదటికి వెళ్ళాడు. ఎవరొస్తే వాళ్ళ కోసం మళ్ళీ. వాన పట్టుకుంది. కొందరు అన్నానికి పోయారు. కత్తివాడు గోడకు చేరగిలబడి ఆవలించాడు. ఈలోగా మామ్మ, సన్యాసిని పిలుచుకురమ్మని చిన్నాన్నను పెరటిదారిన బౌద్ధ మఠానికి తరిమింది. బౌద్ధ సన్యాసి గొడుగేసుకుని వచ్చేసరికి ప్లీడరు ఇంకో ఎన్నికలో ఓడిపోతున్నాడు. "స్వామివారు ఆలస్యంగా వచ్చారు" అని తాత గొంతు సవరించుకోగానే గుంపంతా గొల్లున మొత్తుకుంది. "వద్దు స్వామీ, వీణ్ణి మీరు తీసుకుపొండి" అని చేపలవాణ్ణి అప్పగించేశారు.

కావాలనే అలా సాగదీశావా అని తరవాత అడిగాను. "మొదలు తెలీకుండా ఎవుడికైనా ఏటి తెలుస్తాది?" అని తాత నామీదే విసుక్కున్నాడు.

తాత పోయాడు. ఈ వారం ఏ అడ్డూ లేకుండా చదివాను. ప్లీడరు నెగ్గాడు, ముసలివాడయ్యాడు, పోయాడు. పేజీ పేజీకీ గుమ్మం వైపు చూశాను కానీ ఎవరూ ఆలస్యంగా రాలేదు. వెనక్కి తిప్పేవాళ్ళు లేకపోతే కాలం ఇంత తొందరగా ఆఖరి పేజీకి చేరుతుందని నాకప్పుడు తెలీదు.