ఎర్ర బొమ్మ మూలన గీత

ఆ బొమ్మ బరువు రెండు కిలోలు కూడా ఉండదు. ప్లైవుడ్ ముక్క మీద రంగులతో వేసింది. జగ్గయ్యపేటలో బస్సెక్కి, దాన్ని ఒళ్లో పెట్టుకుని నందిగామలో దిగాను. అక్కడే దింపేశాననుకున్నాను. ఇన్నేళ్లయినా దించలేదని ఇవాళ మీకొక్కరికే చెబుతున్నాను.

ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకుంటే తక్కింది చెప్పడం తేలిక. నేను స్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. పిల్లలకు మామిడికాయ వెయ్యడం ఏళ్ల తరబడి నేర్పి నేర్పి, చివరికి నాకు వచ్చింది కూడా ఆ మామిడికాయే. ఆ సంగతి తెలియనివాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే. నన్ను నేను చిత్రకారుణ్ణి అనుకునేవాణ్ణి. చూసేవాళ్లకు అది విచిత్రం.

తొంభైల్లో, ఆదివారం ఆదివారం, నందిగామలో ఒక రిటైర్డు డ్రాయింగు మాస్టారి మేడగదిలో ఏడెనిమిది మందిమి కలిసేవాళ్లం. ఆయన్ను పెద్దాయన అనేవాళ్లం. ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. బొమ్మ తెచ్చినవాడు మూలన సంతకం ఉండేచోట కాగితం ముక్క అంటించి గోడకు ఆనించాలి. మాట్లాడుకున్నంతసేపూ వేసినవాడు నోరు విప్పకూడదు. చివర్లో కాగితం ఊడదీసి పేరు చదవాలి. పేరు ముందే తెలిస్తే బొమ్మను వదిలేసి మనిషిని పొగుడుతారని ఆయన భయం.

బసవయ్యను అక్కడికి తీసుకెళ్లింది నేనే. జగ్గయ్యపేటలో బోర్డులు రాసే పెయింటరు. వెనక కూర్చుని వినేవాడు, బొమ్మ మాత్రం తెచ్చేవాడు కాదు. ఆర్నెల్లు పోయాక ఒకటి వేశాడు. బోర్డులకు వాడగా మిగిలిన ఎనామిల్ ఎరుపుతో మిరప కళ్లం. మధ్యలో రంగు తేలని తాలుకాయలు ఏరుతున్న ఒక ఆడమనిషి, వీపు మాత్రమే కనిపిస్తుంది. ఆ వీపు చూస్తే మనకే నడుం నొప్పి పుడుతుంది. ఆ ఆదివారం ఏదో బట్టల కొట్టు ప్రారంభం, పొద్దున్నే బోర్డు ఎక్కించాలి. అందుకని బొమ్మ నా చేతికిచ్చి, వాళ్లేమంటారో విని వచ్చి చెప్పమన్నాడు. మొదటిసారి అడిగిన సాయం అది.

నా దగ్గర చూపించడానికి ఆ వారం ఏమీ లేదు. ఆ ముందు వారమూ లేదు. మేడ మెట్ల మీద బొమ్మ మోసుకొస్తున్న నన్ను అందరూ చూశారు. గంటసేపు దాని గురించే మాట్లాడారు. పెద్దాయన చివర్లో, “ఇన్నాళ్లకు ఎరుపు దొరికిందోయ్ నీకు,” అన్నారు, నన్నే చూస్తూ.

నేను మాట్లాడలేదు. నియమం కదా. మాట్లాడకపోవడానికి అంత మర్యాదైన కారణం మనిషికి జీవితంలో ఎన్నిసార్లు దొరుకుతుంది? కానీ కాగితం ఊడదీశాక నియమం అయిపోయింది. మూల ఖాళీగా ఉంది. ఊళ్లో సగం కొట్లకు పేర్లు రాసినవాడు తన పేరు రాసుకోలేదు. మిగతా పెయింటర్లు బోర్డు అడుగున చిన్నగా తమ పేరు వేసుకునేవారు, బసవయ్య అదీ వేసేవాడు కాదు. పరాయివాళ్ల కొట్టు మీద మన పేరెందుకని. పెద్దాయన కుంచె నా చేతిలో పెట్టారు. ఇప్పుడు చెబుదాం, సంతకం అయ్యాక చెబుదాం, కాఫీ తాగాక చెబుదాం అనుకుంటూ, ఆ అనుకోవడంలోనే నా పేరు నల్లరంగుతో రాసేసి, అది చాలనట్టు కుంచె వెనక కొసతో కింద ఒక గీత కూడా గీశాను. ఎనామిల్ ఇంకా పూర్తిగా ఆరలేదు. గీత లోతుగా దిగింది.

బాగుందన్నారని బసవయ్యకు చెప్పాను. ఎగ్జిబిషన్ కోసం పెద్దాయన ఉంచుకున్నారని కూడా చెప్పాను. రెండూ నిజాలే. నిజాలతో అబద్ధం ఆడొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నెల తర్వాత ఎగ్జిబిషన్‌కు తనే వచ్చాడు. బొమ్మ ముందు నిలబడ్డాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

“పేరు బాగానే రాశారు మాస్టారూ,” అన్నాడు.

“అది కాదు బసవయ్యా, ఆ రోజు ఏవైందంటే...”

“కింద గీతొక్కటీ అక్కర్లేదండి. కొట్టు బోర్డుకైతే కొడతాం. దూరాన్నించి కనపడాలిగా.”

“నీకు చెబుదామనే అనుకున్నా.”

“చెప్పారుగా. బాగుందన్నారని.”

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందా అని ఏళ్ల తరబడి వెతికాను. ఉంటే బాగుండేది. మరుసటి ఆదివారం బస్సు దగ్గర కనిపించలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు. బొమ్మ ఇంకొకటి వేశాడని వినలేదు. ఫ్లెక్సీలు వచ్చి చేతిరాత బోర్డులు పోయాక కుంచెలు కూడా వదిలేశాడు. ఆ నేరం ఫ్లెక్సీల మీదికి తోసేద్దామని చూశాను. కుదరలేదు. అవి పదేళ్లు ఆలస్యంగా వచ్చాయి. నేను ముందే వచ్చాను.

నాకేం మిగిలింది? ఆ ఎరుపు మళ్లీ వెయ్యమని అందరూ అడిగారు. ఎక్కణ్ణుంచి తెచ్చేది? తాలుకాయ ఎంత ఎండబెట్టినా ఎర్రబడదు.

పెద్దాయన పోయాక, గదిలో మిగిలిన బొమ్మలు ఎవరివి వాళ్లు తీసుకెళ్లమని ఆయన కోడలు కబురు చేసింది. గడ్డం గీసుకునే బ్లేడు జేబులో వేసుకుని వెళ్లాను. ఆమె కింద కాఫీ పెడుతుంటే, నా పేరు ఒక్కొక్క అక్షరం గీకేశాను. నున్నటి ఎనామిల్ మీద ఆ నల్లరంగు సరిగా పట్టుకోనేలేదు, పొట్టులా రాలింది. అప్పుడే ఆమె వచ్చి, పేరు లేదే, ఇది ఎవరిదని అడిగింది. బసవయ్యదన్నాను. ఏ బసవయ్య అంది. చెప్పాను. బొమ్మ వెనక ఆమె చేతే ఆ పేరు రాయించాను. నా చేతి మీద నాకు నమ్మకం లేక.

బొమ్మ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. బసవయ్య బజార్లో కనిపిస్తే నమస్కారం మాస్టారూ అంటాడు. ఆయనకు ఇంకా ఇవ్వలేదు. చెప్పలేదు కూడా. మీకు చెప్పాను.

నా పేరు మీద నేను తీర్చుకోగలిగిన కక్ష ఆ బ్లేడంత. పేరు పోయింది కానీ, కింది గీత పోలేదు. మూలన ఎర్రరంగులో ఇంకా అలాగే ఉంది, దాని పైన ఏమీ లేకుండా.

ఈ కాగితం అడుగున నా పేరు పెట్టడం లేదు. గీత కూడా కొట్టడం లేదు.