ఒక్క కాటుకు కుదిరిన బంధుత్వం

నా చిన్నప్పుడు నా ఒంట్లో కండ ఉన్నది నాలుక ఒక్కదానికే. మిగతా శరీరమంతా ఆ నాలుక అన్న మాటలకు తన్నులు తినడానికే పుట్టినట్టుండేది. పోనీ తెలివైనా ఉందా అంటే, ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివి, మూడోసారీ అక్కడే కూర్చుంటే ఆ బెంచీకి నా పేరు పెడతారేమోనని బడి మానేసినవాణ్ణి. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, మధ్యలో మీరు నన్ను వీరుడనుకుని మోసపోకూడదని.

మొన్న ఇక్కడ గల్ఫ్‌లో, బర్కాలోని మా రూమ్ కుర్రాళ్ళు ఫోన్‌లో స్వీడన్ దేశపు సినిమా ఒకటి పెట్టుకున్నారు. ఊరంతా మంచు. రోజూ దెబ్బలు తినే ఒంటరి పిల్లాడు, పక్కింట్లో దిగిన రక్తం తాగే పిల్ల, వాళ్ళిద్దరి స్నేహం. కుర్రాళ్ళు భయపడి ముడుచుకు కూర్చున్నారు. నాకు మాత్రం మంచు కనిపించలేదు. చిన్నప్పుడు ఘుబ్రాలో మేమున్న బిల్డింగ్ డాబా, మే నెల ఎండ, కాలుతున్న సిమెంటు కనిపించాయి.

మా నాన్న కంపెనీలో ఎలక్ట్రీషియన్. గోదావరి జిల్లా నుంచి అమ్మనూ నన్నూ తెచ్చుకుని ఆ బిల్డింగ్‌లో కాపురం పెట్టాడు. అక్కడి పిల్లల్లో ఫోర్‌మన్ కొడుకు ఒకడుండేవాడు. కరీంనగర్ వైపు వాళ్ళు. నాకంటే పెద్దవాడు, లావుపాటివాడు. వెనకాల ఎప్పుడూ ఇద్దరు. కొత్తలో వాణ్ణి చూసి, "నీ పొట్ట ముందొచ్చి తలుపు తడితే, నువ్వు తీరిగ్గా వెనకాల వస్తావేంట్రా?" అన్నాను. అంతే, నన్ను కొట్టడం వాడికి డ్యూటీ అయిపోయింది. మెట్ల కింద పడేసి నోట్లో ఇసుక కుక్కేవాళ్ళు. గోడకు ఆనించి పొట్టలో గుద్దేవాళ్ళు. ఇంట్లో అడిగితే పడ్డానని చెప్పేవాణ్ణి. అమ్మ నన్ను చూసి, ఈ పిల్లాడికి నడక ఎప్పుడొస్తుందో అని దిగులు పడేది.

ఒకరోజు మధ్యాహ్నం నా చెప్పులు లాక్కుని, నన్ను డాబా మీదకు నెట్టి తలుపు గడియ పెట్టారు. ఆ ఎండ తెలిసినవాళ్ళకు ఇంకేం చెప్పక్కర్లేదు. నిలబడితే అరికాళ్ళు కాలేవి, కూర్చుంటే తొడలు. చొక్కా విప్పి కాళ్ళ కింద వేసుకుంటే వీపు చుర్రుమంది. తలుపు బాది బాది గొంతు పోయింది. కాళ్ళు బొబ్బలెక్కి, అవి చితికి, అడుగు వేసిన చోటల్లా తడి అంటుకుంటూ ఉండగా తలుపు తెరుచుకుంది.

తీసింది కింది అంతస్తులో నానమ్మతో ఉండే బలూచీ అమ్మాయి. ఈ దేశపు పిల్లే. వాళ్ళకు హిందీ బాగా వచ్చు, మా మాటలన్నీ అందులోనే. నేను తెలుగులో చెబుతున్నాను. పసుపు తిరిగిన మొహం, పుల్లల్లాంటి చేతులు, ముందుకొచ్చిన పొట్ట. చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసి, "ఏంటి, ఇక్కడ ఒంటరిగా డాన్సు నేర్చుకుంటున్నావా?" అంది. నా జన్మలో మొదటిసారి నాకంటే పదునైన నాలుక ఎదురైంది.

ఆ పిల్లకు తలసీమియా. నెలనెలా ఎవరిదో ఒకరి రక్తం ఎక్కిస్తేనే బతుకు. ఆ సంగతి బిల్డింగ్ పిల్లల చెవిన ఎలాగో పడి, రక్తం తాగే దెయ్యమని పేరు పెట్టారు. ఎవరూ దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆమె మాత్రం ఆ పేరును కిరీటంలా పెట్టుకుంది. ఎవరైనా ఎదురొస్తే పళ్ళు బయటపెట్టేది. ఈ నెల ఎవరిది తాగావని నేనడిగితే, "ఎవరో లారీ డ్రైవరుది. పొద్దున్నుంచీ ఒకటే హారన్ కొట్టాలనిపిస్తోంది" అనేది. సాయంత్రాలు డాబా మీద నీళ్ళ ట్యాంకుల నీడన కూర్చునేవాళ్ళం. ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు, నాకు ఆమె తప్ప ఎవరూ లేరు. ఆ మాట ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు.

మా పక్కింటి అక్క ఆ పిల్లకు రక్తమెక్కించే ఆసుపత్రిలోనే నర్సు. భీమవరం వైపు మనిషి. ఒకసారి నన్ను చెవి పట్టుకుని దగ్గరకు లాగి చెప్పింది. "ఒరే, ఆ పిల్లకి ఎడం డొక్కలో గడ్డ ఉబ్బిపోయుంది. అక్కడ గట్టిగా ఒక్క దెబ్బ తగిలిందంటే లోపల్లోపలే రక్తం కారిపోద్ది. ఆసుపత్రికి చేరేలోపే అయిపోద్దిరా. ఆటల్లో జాగర్త."

అసలు గొడవ జరిగిన రోజు శుక్రవారం. ఇక్కడ సెలవు ఆ రోజే కాబట్టి మా చర్చి కూడా శుక్రవారమే. జ్వరమని అబద్ధమాడి ఇంట్లో ఉండిపోయి, అమ్మానాన్నలు అటు వెళ్ళగానే నేనిటు డాబా ఎక్కాను. ఆమె అప్పటికే ట్యాంకుల నీడన ఉంది. కాసేపటికి ఆ ముగ్గురూ వచ్చారు. ఫోర్‌మన్ కొడుకు, "ఏందిరో, దయ్యానికి పూజారివైనవా?" అన్నాడు. ఊరుకోవచ్చుగా? "అవును, బలికి మేకపోతు కోసమే చూస్తున్నాం, నువ్వొచ్చావు" అన్నాను.

మొదటి గుద్దుకే ముక్కు పగిలింది. ఆమె లేచి మధ్యలోకి వచ్చింది. వాడు ఆమెను ఒక్క తోపు తోశాడు. వెల్లకిలా పడింది. వాడు కాలెత్తాడు. ఆ కాలు ఎక్కడ దిగబోతోందో నాకు కనిపించింది. అక్క మాట చెవిలో వినిపించింది. చెప్పడానికి నోట్లో మాట రాలేదు. వెళ్ళి ఆమె మీద బోర్లా పడ్డాను.

ఆ తర్వాత ముగ్గురూ తన్నారు. పక్కటెముకల్లో, నడుములో, తల మీద. ఒకడు అక్కడ పడున్న పైపు ముక్క తీసి నా భుజం మీద కొట్టాడు. లోపల ఏదో పుటుక్కుమంది, ఆ చెయ్యి నాది కాకుండా పోయింది. ముందు పన్ను విరిగి నాలుక కింద చేరింది. నా నోట్లోంచీ ముక్కులోంచీ కారే రక్తమంతా ఆమె జుట్టులోకే. కింద ఆమె కదలడం లేదు. చచ్చిపోయిందనుకున్నాను. లేచి చూద్దామంటే ఆ డొక్కకు అడ్డు పోతుంది. అలాగే అతుక్కుని ఉన్నాను.

అప్పుడొక కేక. ఆమెది కాదు, ఫోర్‌మన్ కొడుకుది. నా చంక కిందనుంచి తల బయటకు పెట్టి వాడి పిక్క పళ్ళతో పట్టుకుంది. వాడు ఆమె నెత్తి మీద గుద్దుతున్నాడు, జుట్టు పీకుతున్నాడు, వదలడం లేదు. చివరికి వదిలి తలెత్తేసరికి మూతంతా ఎరుపు. పెదవి నాక్కుని మిగతా ఇద్దరి వైపు చూసింది. పైపు విసిరేసి ఒకరి మీద ఒకరు పడుతూ మెట్లు దిగిపోయారు.

నైట్ డ్యూటీ చేసి పడుకున్న అక్క ఆ కేకకు లేచి పరిగెత్తుకొచ్చింది. ముందు ఆ పిల్ల డొక్క తడిమి చూసింది. ఊపిరి పీల్చుకుంది. తర్వాత మా ఇద్దర్నీ, పిక్క పట్టుకుని కూలబడిన వాణ్ణీ తన ఇంట్లోకి తీసుకెళ్ళింది. ఒక్క తిట్టు లేదు. తన చున్నీతో నా చెయ్యి మెడకు కట్టి, వాడి పిక్కను కుళాయి కింద పెట్టి సబ్బుతో చాలాసేపు కడిగింది. వాడు పిక్క వైపే చూస్తూ అడిగాడు. "అక్కా, నేను సుత దయ్యమైతనా?"

ఇంకెక్కడైనా తగిలిందేమోనని అక్క వాడి చొక్కా ఎత్తింది. వీపు నిండా చారలు. పాతవి నల్లగా, కొత్తవి ఎర్రగా. కరెంటు వైరుతో కొడితే అలా పడతాయి. అవి నేనూ చూశాను. అక్క ఎవరు కొట్టారని అడగలేదు. చొక్కా దించి, వాడి ఎదురుగా కూర్చుని, డాక్టరు కంటే గంభీరంగా మొహం పెట్టింది.

"దెయ్యం అవ్వవులే గానీ, ఇంకోటి అయ్యింది. నీ రక్తం ఆ పిల్ల నోట్లో పడింది. ఇక అది నీకు రక్తసంబంధం. దానికెక్కడ దెబ్బ తగిలితే నీకక్కడ నొప్పి పుడద్ది. దాన్ని కాచుకోడం ఇక నీ పని, అబ్బాయ్."

మా పిల్ల తక్కువదా? అక్క మాట పూర్తికాకుండానే డొక్క పట్టుకుని మూలిగింది. వాడు ఠక్కున తన డొక్క పట్టుకున్నాడు. నోటి నిండా రక్తంతో నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వుకు పక్కటెముకలు ప్రాణం తీశాయి.

ఆసుపత్రిలో వాడికి సూది పడింది, నా భుజానికి కట్టు పడింది. మా ఇంట్లో ఒక కథ, వాళ్ళ ఇంట్లో ఇంకో కథ అక్కే చెప్పింది. తన వీపు సంగతి తండ్రిని అడగొద్దని వాడు బతిమాలితే, వాణ్ణి రోజూ చదువు పేరుతో తన ఇంట్లో కూర్చోబెట్టుకుంది. ఇక ఆ రోజునుంచీ మా పిల్ల మెట్లెక్కితే వాడు వెనకాల. దెయ్యమని నోరు జారిన తన పాత జోడీగాడి ముక్కు వాడే పగలగొట్టాడు. ట్యాంకుల నీడన ఇద్దరం కాస్తా ముగ్గురం అయ్యాం.

అబద్ధం కదా అక్కా అని ఒకసారి ఆమెను నిలదీశాను. బట్టలు మడతపెడుతూ, "ఎవడో సూది గుచ్చించుకుంటేనే కదరా ఆ పిల్ల బతికేది? దాని నొప్పిలో వాటా ఎవడో ఒకడు పడాల. నువ్వు బోర్లా పడినప్పుడు పడలేదా?" అంది.

ఆ భుజం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. అయినా ఆ చేతికే సూది గుచ్చమని చెప్పి, వీలైనప్పుడల్లా రక్తం ఇచ్చి వస్తుంటాను. ఇంకో అలవాటు కూడా ఆ రోజునుంచే. ఎవడైనా నా మీద చెయ్యెత్తితే, వీడి వీపు ఎలా ఉంటుందో అని ముందు ఆలోచిస్తాను. ఆ తర్వాతే పారిపోతాను.

మా పిల్ల నలభై దాటి బతికింది. చిన్నపిల్లలకు టీచరైంది. పోయిన చలికాలంలో వెళ్ళిపోయింది. బర్కాలో మట్టి ఇస్తుంటే నేనూ, సమాయిల్‌లో ఏసీల షాపు పెట్టుకున్న వాడూ, శ్మశానం గోడ బయట నిలబడ్డాం. అందరూ వెళ్ళిపోయాక వాడి బండిలో కూర్చున్నాం. వాడు ఏడుస్తున్నాడు. నాకు ఏడవడం చేతకాదు, వెక్కిరించడమే వచ్చు. "ఒరే పిచ్చోడా, అక్క చెప్పింది అబద్ధమేరా. ఇన్నేళ్ళూ ఎలా నమ్మావురా?" అన్నాను.

వాడు కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"ఆ దినమే ఎరుకరా నాకు. నమ్మినట్టు చెయ్యకుంటే మీ ఇద్దరు నన్ను పక్కన కూసోనిచ్చెటోళ్ళా?"