బరువు పెరిగిన ఖైదీ

బస్తర్ సంస్థానం విలీనానికి రెండేళ్ళ ముందు, వానలు మొదలయ్యే నెలలో, దక్షిణాన ఒక చిన్న జైలుకు నన్ను కాంపౌండరుగా వేశారు. చేరిన రోజు అక్కడున్నవన్నీ రాసుకున్నాను: జమాదారు ఒకడు, వార్డర్లు నలుగురు, ఖైదీలు ముప్ఫై ఒకరు, క్వినైన్ డబ్బాలు రెండు, థర్మామీటరు ఒకటి, పౌన్లలో తూచే కాటా ఒకటి. డాక్టరు నెలకోసారి వచ్చేవాడు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు.

ప్రతి ఖైదీకీ ఒక చీటీ ఉండేది. చేరిన రోజు బరువు, ఆపైన పదిహేను రోజులకోసారి బరువు, పక్కన ఒక రిమార్కు నేను రాయాలి. గడువుకు ముందే ఎవరినైనా విడిచిపెట్టాలంటే అక్కడ చెల్లే కారణం ఒక్కటే: ఆ చీటీలో బరువు తగ్గుతూ ఉండాలి.

మరైగూడ వైపు నుంచి వచ్చిన సోమడికి రిజర్వు అడవిలో పోడు కొట్టినందుకు ఆరు నెలల శిక్ష. వచ్చినప్పుడు తొంభై ఏడు పౌన్లు. రెండు నెలలకు నూట ఎనిమిది. కారణాలు మూడు: రెండు పూటలా అన్నం పప్పు, వారం వారం క్వినైన్, మూటలు మోయకపోవడం. “ఆరోగ్యం బాగుపడింది” అని రాశాను. రాసి కొంత గర్వపడ్డాను కూడా.

ఆ వారమే అతని భార్య ముత్తి వచ్చింది. ఆమెకు ఏడో నెల. అధికారుల క్యాంపు కదిలినప్పుడల్లా ఇంటికొకరు చొప్పున, కూలి లేకుండా, సామాను పక్క ఊరిదాకా మోయాలి. అది వెట్టి. మగవాడు జైల్లో ఉన్నా ఆ ఇంటి వంతు తప్పదు.

“ఆయన మూట నేనే మోస్తున్న దొరా. ఇంకొక్క పాలి మోస్తే కడుపు పోతది. జర ఇడువుండ్రి ఆయన్ని,” అంది.

జమాదారు నవ్వాడు. “వీణ్ణా? అత్తగారింట్ల అల్లుడి లెక్క బలిసిండు. చూడు, బుగ్గలొచ్చినయ్!”

ఆ రోజు నుంచి సోమడు తన అన్నం పక్కవాడి పళ్ళెంలో వేయసాగాడు. జైల్లో తిండి మానడం నేరం. జమాదారు నాలుగు దెబ్బలు వేసి, ఎదురుగా కూర్చోబెట్టి తినిపించాడు.

“తినకుంటే కొడ్తరు, తింటే ఇడువరు. ఏంది దొరా ఈ కాయిదా?” అని సోమడు నన్నడిగాడు. ఆ నియమం జైలు పుస్తకంలో ఏ పేజీలో ఉందో చెప్పాను.

సోమణ్ణి విడిచిపెట్టమని జైలు సూపరింటెండెంటుకు అర్జీ నేనే రాశాను. ముత్తి మళ్ళీ వచ్చినప్పుడు ఆమెను కూడా కాటా ఎక్కించాను: కడుపులో బిడ్డతో కలిపి డెబ్బై ఎనిమిది పౌన్లు. ఆ అంకె అర్జీలో వేశాను. ఆమె ఖైదీ కాదు గనుక సూపరింటెండెంటు దాన్ని ఎర్రసిరాతో కొట్టేశారు. కింద నా రిమార్కునే ఎత్తి రాసి, విడుదల నిరాకరించారు.

ముత్తికి ఆ నెలలో మరో మూడుసార్లు వెట్టి వంతు పడింది. మూడోసారి దారిలోనే నొప్పులు వచ్చాయి. బిడ్డ చనిపోయి పుట్టింది. అయిదో రోజున ఆమె పోయింది. సంతకు వచ్చిన ఊరివాళ్ళు కబురు తెచ్చేసరికి రెండు వారాలు దాటాయి.

తర్వాత ముప్ఫై ఏళ్ళు ఇదే పనిలో ఉన్నాను. సోమడు జైలుకు వచ్చేదాకా అతనిదీ ముత్తిదీ ఒకే ఊరు, ఒకే గంజి, ఒకే చలిజ్వరం. ఒకరి ఒళ్ళు కోలుకోవడానికీ, మరొకరి ఒళ్ళు అరిగిపోవడానికీ మధ్య ఉన్నది, జైలు అన్నం, క్వినైన్ అటుంచితే, ప్రధానంగా ఒక మూట. రోగి నాలుక, కన్ను చూసే ముందు, ఇంట్లో ఎవరి పని ఎవరి మీద పడుతున్నదో అడగడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను. ఆ జవాబు రాయడానికి నేను పనిచేసిన ఏ చోటా చీటీలో గడి లేదు.

శిక్ష పూర్తయ్యాక సోమణ్ణి విడిచిపెట్టారు. ఆ ఉదయం కాటా మీద నిలబెట్టి ఆఖరి బరువు రాశాను. నూట పదకొండు పౌన్లు.