సూటు లోపలి తాళంచెవి

మా ఆసుపత్రిలో ఎవరినైనా అడిగి ప్రాణమైనా తెచ్చుకోవచ్చు కానీ, తాళంచెవి మేడం దగ్గర యాంటీబయాటిక్ తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఆవిడ సూక్ష్మజీవుల ల్యాబుకి పెద్ద. వేరే ఏ మందుకీ లొంగని క్రిముల కోసం దాచిన ఇంజెక్షన్ల బీరువా ఆవిడ అధీనంలో ఉండేది. దాని తాళంచెవి ఆవిడ మెడలో ఉండేది. ఎవరు వెళ్ళి ఏమడిగినా ఒకటే మాట: "ఎందుకు?"

ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, క్యాంటీనాయన "టీలో చక్కెర వెయ్యమంటారా మేడం?" అన్నా "ఎందుకు?" అనేది. పాపం ఆయన జవాబు వెతుక్కునేలోపు టీ చల్లారిపోయేది.

మామూలు రోజుల్లో ఎలాగో భరించాం. కరోనా వచ్చి మంచాలన్నీ నిండేసరికి మా పని అయిపోయింది. నేను వార్డు డ్యూటీ డాక్టర్ని. మా చీఫ్ గారు మంచివారే కానీ, భయం పట్టుకుంది. దగ్గినవాడికీ యాంటీబయాటిక్ రాసేవారు, దగ్గబోయినవాడికీ రాసేవారు. తేవడానికి నన్ను తోలేవారు.

"మేడం, కిటికీ పక్క మంచానికి పెద్ద ఇంజెక్షన్ కావాలి."

"ఎందుకు?"

"జ్వరం మేడం."

"అది వైరస్ జ్వరం. ఈ మందు వైరస్‌ని ఏమీ చెయ్యదు. మీ చీఫ్‌కి తెలీదా?"

"తెలుసు మేడం. ముందుజాగ్రత్తకి..."

"ముందుజాగ్రత్త అనే రోగం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు బాబూ. అందరికీ పోస్తే రేపు క్రిములు దీనికీ అలవాటు పడతాయి. అప్పుడు నీ దగ్గరేముంటుంది, నా మొహం?"

పైగా ఆవిడ ఎప్పుడు చూసినా కరోనా వార్డులోకి వెళ్ళేటప్పుడు వేసుకునే ఆ తెల్ల సూటులోనే, తల నుంచి కాళ్ళ దాకా కప్పుకుని ఉండేది. తాళంచెవి దాని లోపల. పొరపాటున ఇస్తానన్నా, ముందు సూటు విప్పాలి. బయటి గ్లౌజులు తియ్యాలి, చేతులు కడగాలి, కళ్ళద్దాలు తియ్యాలి, మళ్ళీ కడగాలి. అంతసేపూ మనం కొయ్యబొమ్మలా నిలబడాలి. సగంమంది "పోన్లెండి మేడం, రేపొస్తాం" అని జారుకునేవారు. ల్యాబులో కూర్చునే మనిషికి వార్డు సూటెందుకని మాకు ఒళ్ళు మండేది. మనల్ని తప్పించుకోవడానికే వేసుకుంటోందని చీఫ్ గారు తేల్చేశారు.

కిటికీ పక్క మంచం ఒక టైలర్ మాస్టారిది. ఆయన భార్య రోజూ నాకు ఫోన్ చేసేది.

"డాక్టరు బాబూ, మీ దగ్గర పెద్ద మందుందటగా, మా ఆయనకివ్వరేం?"

"అది మా మేడం మెడలో ఉందమ్మా."

"ఆ మెడ పైన తలకాయ లేదా నాయనా?"

చిత్రంగా మాస్టారికి ఏ ఇంజెక్షనూ లేకుండానే జ్వరం తగ్గింది. హమ్మయ్య అనుకున్నాం. అంతలోనే ఒక ఉదయం ఒళ్ళంతా వణుకుతూ మళ్ళీ జ్వరం వచ్చింది, బీపీ పడిపోయింది. మనిషి చేజారిపోతున్నాడని అర్థమైంది. ల్యాబుకి పరిగెత్తాను. మేడం లేదు. వెనక్కి వస్తూ, ఆవిడ అడగబోయే ప్రశ్నకి జవాబు బట్టీ పడుతూ, సూటు విప్పే గది దగ్గర దొరకబుచ్చుకున్నాను. గ్లౌజులు తీసి చేతులు కడుక్కుంటోంది.

"మేడం, టైలర్ మాస్టారికి..."

మాట పూర్తికాలేదు. ఆవిడ కత్తెర అందుకుని సూటుని గొంతు నుంచి బొడ్డు దాకా పరపరా కోసేసింది! సూటుకి చిన్న చిరుగు పడితే మమ్మల్ని నానా మాటలూ అనే మనిషి. తాళంచెవి తాడుతో సహా నా చేతిలో పడేసింది.

"మూడో అర, ఎడంపక్క. ఆయన కఫంలో కొత్త క్రిమి మొలిచింది, ఆ ఒక్క మందుకే లొంగేలా ఉంది. ఎలా ఉన్నాడో ఇప్పుడే చూసొచ్చాను, నిన్ను పిలుద్దామనే బయల్దేరాను."

నాకు మతిపోయింది. "ఎందుకో చెప్పక్కర్లేదా మేడం?"

"ఇంకా నిలబడ్డావెందుకు?" అని గావుకేక పెట్టింది.

మందు పనిచేసింది. బీపీ నిలబడింది. కొన్నాళ్ళకి మాస్టారు లేచి కూర్చుని దుప్పటి అంచు కుట్టు బాగాలేదని గొడవ పెట్టాడు. అప్పుడు మాకు ధైర్యం వచ్చింది.

అసలు సంగతి ఆయనే చెప్పాడు. "ఆ మేడం రోజూ వచ్చేది బాబూ. నా ఒక్కడి దగ్గరికేనా? మందు లేదన్న ప్రతివాడి దగ్గరికీ వచ్చేది. పక్కన కూర్చుని, ఊపిరి ఎలా ఆడుతోందో చూసి, కఫం అడిగేది. మందు ఇవ్వదు కానీ కఫం మాత్రం వదలదు!"

ఆ సూటెందుకో నాకప్పుడు తెలిసింది. వార్డులో అందరం అవే సూట్లలో ఉండేసరికి ఆవిడ వచ్చి వెళ్ళడం మేం గుర్తుపట్టనే లేదు. కాదని చెప్పాక ఆ మనిషిని అలా వదిలేసి కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. ఆవిడంటే నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. చీఫ్ గారైతే మందు రాయబోతూ పెన్ను ఆపి "ఎందుకు?" అని గొణుక్కోవడం చాలాసార్లు విన్నాను.

ఇంటికెళ్ళిన టైలర్ మాస్టారు కొన్నాళ్ళకి ఒక తెల్లకోటు కుట్టి తెచ్చాడు.

"ఎందుకు?" అంది మేడం.

"తాళంచెవికి జేబు పెట్టాను మేడం."

ఇక తాళంచెవి చేతికందుతుందని మేమంతా సంబరపడి ముందుకొచ్చాం. కోటుకి పైన జేబే లేదు. తిరగేస్తే, లోపలి గుడ్డకి వెనకాల, ఇంకో గుడ్డ కింద, మూడు గుండీలతో కనిపించింది.

"బయట పెడితే వీళ్ళు ఊరుకోరు మేడం," అన్నాడు మాస్టారు మమ్మల్ని చూపిస్తూ.

మేడం ఈసారి ఎందుకని అడగలేదు. తాళంచెవిని ఆ జేబులో వేసి, మూడు గుండీలూ పెట్టుకుని, మా మొహాలు చూసి పకపకా నవ్వింది.