మా ఆయన ఆడిన ఆస్ట్రేలియా బంతాట

హైటెక్ సిటీలో అద్దాల మేడ కొత్తగా లేచిన రోజులవి. అక్కడ ఒక కంప్యూటర్ ఆఫీసు గేటు దగ్గర మా ఆయన కాంట్రాక్టరు కింద కాపలా ఉండేవాడు. ఆ ఆఫీసుకి ఆస్ట్రేలియా నుంచి ఒక తెల్లాయన వచ్చాడు. వచ్చిన పని చూసుకుని పోకుండా తమ దేశపు ఫుట్‌బాల్ మనకి నేర్పుతానని బయల్దేరాడు. చుట్టుపక్కల ఆఫీసులవాళ్ళని పోగేసి మదీనాగూడ, చందానగర్, హఫీజ్‌పేట్, కొండాపూర్ అని నాలుగు జట్లు కట్టించి, చలికాలమంతా ఆదివారం ఆదివారం పోటీలన్నాడు. కుర్చీల్లో కూర్చునే బాబులు మొదటి ఆటకే నడుములు పట్టుకున్నారు. అప్పుడు గుర్తొచ్చారు వాళ్ళకి గేటు దగ్గరి మనుషులు.

మా ఆయన పాలమూరు వైపు పేరున్న చెడుగుడు ఆటగాడు. ఆ సంగతి విని మేనేజరు, భీమవరం మనిషి, చందానగర్‌లోని మా కిరాయి గదికే వచ్చాడు.

"మన చందానగర్ జట్టుకి కప్పు తెచ్చిపెట్టవయ్యా, నిన్ను కంపెనీ మనిషిని చేసేస్తాను," అన్నాడు.

కంపెనీ మనిషైతే రేపు తీసేస్తారేమోనన్న భయముండదు. మా పిల్లకి జ్వరమొస్తే దవాఖాన సంగతి వాళ్ళే చూస్తారు. మా ఆయన మొహం వెలిగిపోయింది.

"బంతికీ నౌకరికీ ఏం సంబంధమయ్యా?" అన్నాను మేనేజరు పోయాక.

"ఇగ ఫికర్ జెయ్యకే. సారు నోటితోని చెప్పిండు."

"నోటితోనే గద చెప్పింది."

ఒక ఆదివారం నేనూ పోయి చూశాను. అదొక ఆటా! బంతి గుండ్రంగా కూడా లేదు, బొప్పాయిపండులా కోలగా ఉంది. రెండు కొసలా నాలుగేసి వెదురు బొంగులు. నడిమి సందులోంచి తన్నితే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోతే దానికీ ఒకటి! తప్పుకి కూడా బహుమానమిచ్చే పద్ధతి ఆఫీసుల్లోనే పుట్టి ఉంటుంది. మా ఆయన రాళ్ళ నేల మీద మోచేతులు చెక్కుకుని పడుతుంటే, మేనేజరు గొడుగు కింద కూల్‌డ్రింకు తాగుతూ "పరుగెత్తవయ్యా!" అని అరుస్తున్నాడు.

అలా గెలిచీ గెలిచీ ఆఖరి ఆటలో హఫీజ్‌పేట్ మీదికి వచ్చారు. మావాళ్ళే ముందున్నారు. ఇంకాసేపు నిలిస్తే కప్పు మాదే. బంతి మా ఆయన చేతిలో ఉంది. అవతలివాడొకడు ఉరికొచ్చి వీపు మీద చరిచి, వచ్చినంత వేగంగా తన వైపు వెనక్కి పరుగెత్తాడు.

మా ఆయన వాళ్ళ ఊరి చెడుగుడులో, కూతకొచ్చినవాడు తాకి గీత దాటి వెళ్ళిపోతే, తాకించుకున్నవాడు ఎవరూ చెప్పకముందే బయటికి నడవాలి. రిఫరీ చూశాడా లేదా అని ఆగేవాణ్ణి మనిషిగా లెక్కపెట్టరు. ఒంట్లో పాతుకున్న ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? మా ఆయన బంతి కింద పెట్టి, నింపాదిగా నడిచొచ్చి గీత బయట కూర్చున్నాడు. హఫీజ్‌పేట్ వాళ్ళు ఆ బంతి తీసుకుని నడిమి సందులోంచి తన్నేశారు. ఆటా పోయింది, కప్పూ పోయింది.

"బుద్ధుందా నీకు? ఎవడు పొమ్మన్నాడు?" అని మేనేజరు ఊగిపోయాడు.

"తాకి పోయిండు గద సార్."

"కంపెనీ మాట మర్చిపో ఇంక!"

తెల్లాయనైతే కడుపు పట్టుకుని నవ్వాడు.

ఇంటికొచ్చి మా ఆయన అన్నం ముట్టలేదు. తన చేతులారా పిల్ల బతుకు పారేశానని కుమిలిపోయాడు. ఎండలు ముదిరేదాకా అదే దిగులు. ఒకరోజు బస్టాపులో హఫీజ్‌పేట్ జట్టులో ఆడిన పక్క ఆఫీసు కాపలాదారు కలిశాడు. అతనికీ వాళ్ళ మేనేజరు అదే ఆశ పెట్టాడట.

"నిన్ను కంపెనీల తీసుకున్నరా అన్నా?" అని అడిగాడు మా ఆయన.

"యాడ తమ్మీ! వచ్చే యేడు గూడ గెలిపియ్యాల్నంట."

మళ్ళీ చలికాలమొచ్చి ఆటకి రమ్మని కబురంపితే, మా ఆయన దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగి పడుకున్నాడు. నేనూ లేపలేదు.