అత్త పాట వెనక గుయ్యిమన్న మోత

ఆ రోజుల్లో మా చిక్కడపల్లి సందులో నా ఈడు వాళ్ళంతా పొద్దున లేస్తే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల వైపు నడిచేవాళ్ళు. నేనొక్కణ్ణే ఇంట్లో కూర్చుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ స్టూడియో పెట్టానని చెప్పుకునేవాణ్ణి. స్టూడియో అంటే ముందుగదిలో ఒక మైకు, ఒక చిన్న మిక్సరు (పచ్చళ్ళు రుబ్బేది కాదు, గొంతులు కలిపేది), లోపలి గదిలో ఒక ల్యాప్‌టాప్. మిక్సరులోని గొంతు ల్యాప్‌టాప్‌కు పోవడానికొకటి, తిరిగి రావడానికొకటి, ఇల్లంతా పాకిన రెండు పొడుగాటి తీగలు. నా కళ్ళకు అదొక పెద్ద సంస్థ. మా బాపు కళ్ళకు మాత్రం కాళ్ళకు తగులుకునే వైరు. అక్క పెళ్ళి కుదరగానే ఆయన తీర్పు చెప్పేశాడు.

"నారాయణగూడ అత్తతోని అప్పగింతల పాట పాడిచ్చి రికార్డు చెయ్. పెండ్లిల మంచిగ వినవడితే నీ దుకాణం నడుపుకో. లేకుంటే ఈ డబ్బాలన్ని అమ్మేసి కోచింగ్‌ల చేరు."

నారాయణగూడ అత్త అంటే బాపుకు స్వయానా అక్క. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న ఆ పాట ఇప్పుడు ఆమె ఒక్కదానికే వచ్చు. చిక్కేమిటంటే, మా ఇంట్లో ఎవరి పెళ్ళిలో ఎత్తుకున్నా రెండో చరణం దగ్గర ఏడుపు ముంచుకొచ్చి ఆగిపోయేది. ఆమెను చూసి ఆడవాళ్ళంతా ఏడ్చేవాళ్ళు, పెళ్ళికొడుకు తనేం తప్పు చేశాడో తెలియక బిక్కమొహం వేసేవాడు, పాట అక్కడితో సరి. చివరిదాకా విన్నవాళ్ళు మాలో లేరు.

సరే, అంతా కలిపి మైకు ముందు ఒకసారి దగ్గి చూసుకున్నాను. దగ్గు బాగానే వచ్చింది. దాని వెనకాల గుయ్యిమని ఒక మోత కూడా వచ్చింది. మొదట ఫ్రిజ్ మీద అనుమానపడి ఆపేశాను. తర్వాత ఫ్యాన్లు, ఆ తర్వాత ట్యూబులైటు, చివరికి నీళ్ళ మోటారు. అసలే మే నెల. పెరుగు పులిసిపోయింది, బాపు స్నానం లేకుండానే ఆఫీసుకు పోయాడు, పక్కింటి అంకుల్ వచ్చి "మాకున్నది కరెంటు, మీకొక్కలకే పోయిందా?" అని పరామర్శించాడు. అమ్మ చెమట తుడుచుకుంటూ "ఇగ నేనే మిగిలిన. నన్ను గూడ బంద్ చేసి సూడు" అంది. మోత మాత్రం తన మానాన తాను మోగుతూనే ఉంది.

ఈ పరేషాన్‌లో ఉండగానే అత్త ఆటో దిగింది. కొప్పులో మల్లెలు నలగకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. ఏమనుకుందో, తల పంకించి పాట ఎత్తుకుంది. ఎంత చక్కగా పాడిందో చెప్పలేను. గుయ్యి లేకపోతే ఎంత బాగుండును అనుకుంటూ నేను పళ్ళు నూరుకుంటున్నాను. ఇంతలో లోపలి గదిలో అమ్మ రైస్ కుక్కర్ పెట్టుకోవడానికి ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేసింది. మోత ఠక్కున ఆగిపోయింది.

అప్పుడు నా బుర్ర వెలిగింది (ఆ సంగతి నేనే కనిపెట్టినట్టు చాలామందికి చెప్పాను). మిక్సరు ఒక గది ప్లగ్గులో, ఛార్జరు ఇంకో గది ప్లగ్గులో ఉంటే, రెండు చోట్లా నేలలోకి పోయే ఎర్తు తగిలి, నా తీగల మీదుగా కరెంటు చక్కర్లు కొడుతోంది. ఆ చక్కరే మోత, అమ్మ ఛార్జరు పీకగానే అది తెగిపోయింది. పైగా అవి మామూలు రకం తీగలు, లోపల ఒకటే తీగ, చుట్టూ జాలీ. ఎంత పొడుగైతే అంతగా దారిలో తగిలిన మోతనల్లా వెంటబెట్టుకొస్తాయి. నేనేమో చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని వాటిని ఫ్రిజ్ వైరుతో కలిపి కట్టాను. వెంటనే ల్యాప్‌టాప్‌ను ముందుగదికి తెచ్చి, అన్నిటికీ ఒకే బోర్డు పెట్టి, పొట్టి తీగలు తగిలించి, కరెంటు వైర్లను దూరంగా జరిపాను. చెవుల్లో నిశ్శబ్దం. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"శ్రుతి ఎందుకు బంద్ చేసినవ్ అల్లుడూ?" అంది అత్త.

ఇన్నాళ్ళూ ఏ ఆధారమూ లేకుండా పాడిన మనిషి, ఆ మోతను నేను తన కోసం పెట్టిన శ్రుతి అనుకుంది. దాన్ని పట్టుకునే పాడింది. ఇప్పుడు నిశ్శబ్దంలో పాడించి చూస్తే, పల్లవి ఒక చోట మొదలై చరణానికి మేడెక్కింది, రెండో చరణానికి కళ్ళనీళ్ళు కూడా మొదలయ్యాయి. చేసేది లేక, పొద్దున నేను దగ్గిన రికార్డింగు వెతికి, దగ్గు కోసేసి, మిగిలిన గుయ్యిని ఆమె హెడ్‌ఫోన్లలో మాత్రం మోగించాను. మైకుకు అది వినపడదు. ఇల్లంతా చీకటి చేసి తరిమిన దాన్ని నేనే బతిమాలి పిలుచుకొచ్చాను.

అత్త చివరిదాకా పాడింది, ఒక్క చుక్క రాలకుండా. "ఏడువలేదేంది అత్తా?" అంటే, "చెవులల్ల గట్ల మోగుతుంటె ఏడుపెట్లొస్తదిరా?" అంది.

పెళ్ళిలో అక్కను సాగనంపే వేళ ఆ పాట పెట్టారు. రెండో చరణం దగ్గర అలవాటు ప్రకారం అందరూ ఏడ్చారు. పాట ఆగలేదు. ఆఖరి చరణంలో తల్లి అల్లుణ్ణి ఆటపట్టిస్తుందని, మా పిల్ల కోపిష్టిది, అలిగితే అన్నం నువ్వే వండుకోవాలి అంటుందని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. తడి కళ్ళతోనే అందరూ నవ్వేశారు, పెళ్ళికొడుకుతో సహా. బాపు తువాలుతో మొహం తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు. నేను మెప్పు అందుకోవడానికి నిటారుగా నిలబడ్డాను.

"పాటంత మా అక్కనే పాడింది. నువ్వేం చేసినవ్ రా మరి?"

"చప్పుడు లేకుంట చేసిన బాపూ."

"ఏం చప్పుడు?"

"అదే, ఇప్పుడు లేదు కద."

బాపు కాసేపు చెవి ఒగ్గి నిజంగానే విన్నాడు. ఏమీ వినపడలేదు. కోచింగ్ మాట మళ్ళీ ఎత్తలేదు గానీ, నేను చేసిన పనేమిటో ఆయనకు ఈనాటికీ తెలియదు. లేనిదాన్ని చూపించి మెప్పు పొందాలని అక్క పెళ్ళికి కొన్న కొత్తబట్టల్లో అలా నిలబడ్డ అప్పటి నాలోని కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. వాడి భుజం తట్టి, నేను విన్నానురా అని చెప్పాలనిపిస్తుంది.