శుక్రవారం పూజ అయ్యాక

హిందూపురం స్టేషన్లో దిగి పట్టుగూళ్ల మార్కెట్ పక్కగా నడిస్తే ఆ ఘాటు వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం పద్మక్క గుర్తొస్తుంది. మార్కెట్ వెనక వీధిలో, మేడమీది మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఆమే పెద్ద. ధర్మవరం పట్టుచీరల అంగళ్ల ఆర్డర్లు, డిజైన్లు అన్నీ మా డేటాబేసులో ఉండేవి.

మా ప్రోగ్రాములను అప్పుడప్పుడే క్లౌడ్‌లోని కంటైనర్లలోకి మార్చాం. కావలసినవన్నీ సర్దిన పెట్టెల్లాంటివవి. ఒకటి పోతే అలాంటిదే ఇంకొకటి లేస్తుంది. డేటాబేసుతోనే చిక్కు. కొత్త పెట్టె లేస్తే చాలదు, నిన్నటి చీరల లెక్కలన్నీ అందులో ఉండాలి. పడిపోయినదాన్ని సరిగ్గా లేపడం పద్మక్క ఒక్కదానికే తెలుసు. పెనుకొండలో వాళ్ల నాయన ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు ఆమె ఈ ఆఫీసులోనే ఆ పనిలో ఉండిపోయింది. టీ తాగుతూ ఒక్కసారే చెప్పింది ఆ సంగతి.

"నాకొక్కదానికే తెలుసని మురిసిపోతాంటినప్పా. ఆ మురిపెమే నన్ను ఈడ కట్టేసింది."

ఆ తర్వాత డేటాబేసుకు తోడుగా నకళ్లు పెట్టింది. అసలుది పడితే నకలును ముందుకు తెచ్చే పని ఒక కాపలా ప్రోగ్రాముకు అప్పగించింది. అంతటితో ఊరుకుంటే ఆమె పద్మక్క ఎందుకవుతుంది? శుక్రవారం పొద్దున కంప్యూటర్లకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం పంచుతూనే అనేది, "ఇంగ ఆ అసలు డేటాబేసును పడగొట్టండి." ఇప్పుడే కదా తల్లీ దండం పెట్టావు! మొదటిసారి నేను అడ్డుపడ్డాను.

"అక్కా, అంగళ్లు తెరిచే పొద్దయింది. లేయకుంటే?"

"లేయకుంటే నేనుండా కదప్పా. నేను లేనప్పుడు పడితే ఏం చేస్తావు? కానీ."

ఆపేశాను. మేం చూస్తుండగానే నకలు లేచి నిలబడింది. ఆమె తాపీగా కొబ్బరిముక్క నములుతోంది.

పెళ్లిళ్ల గిరాకీ ముమ్మరంగా ఉన్న రోజుల్లో ధర్మవరం నుంచి కబురొచ్చింది, మా అవ్వకు బాగాలేదని. నన్ను పెంచింది అవ్వే. అయినా సీట్లోంచి లేవలేకపోయాను.

"ఇంకా ఈడనే ఉండావా? పోప్పా. ఆ ఫోను ఆపేసి పో," అంది పద్మక్క.

అవ్వ మంచం పక్కన కూర్చున్నాను. "మళ్లా ఎప్పుడు పోతావబ్బా?" అంది. "పోనవ్వా, ఈడనే ఉంటా," అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆమెతో ఆ మాట అనడం అదే మొదలు. మధ్యాహ్నం నా చేతిలో చెయ్యి ఉంచి వెళ్లిపోయింది.

ఆ పూటే డేటాబేసు నిజంగా పడిపోయిందట. తిరిగొచ్చాక అడిగితే పద్మక్క, "పడింది, దాని పాటికది లేచింది. అది పోనీ, అవ్వ ఏమనింది?" అంది. అప్పుడు ఏడ్చాను.

పద్మక్క ఇప్పుడు లేదు. శుక్రవారం కొబ్బరికాయ నేనే కొడతాను. కొత్తగా చేరినవాళ్లు భయం భయంగా చూస్తుంటే పడగొట్టమంటాను. అది మళ్లీ లేచేదాకా నా అరచేతిలో అవ్వ చెయ్యి వెచ్చగా ఉంటుంది.